తొమ్మిదిమంది ఎక్కే బండి

కుట్టు మిషన్ పక్క నుంచి

మా డ్రైవరమ్మ గారికి,

వదిన రాయడమేమనగా, ఫోన్ చేస్తే "డ్యూటీలో ఉన్నా వదినా" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టేయలేవు.

మేం బండి కొంటున్నాం. నవ్వకు. మీ అన్నయ్య స్కూటరు ఇక నా వల్ల కాదని చేతులెత్తేసింది. మొన్న కవలలిద్దరికీ ఒకేసారి పంటి నొప్పి. ఒకడిని తీసుకెళ్తే రెండోవాడు ఏడుస్తాడు. ఇద్దర్నీ తీసుకెళ్తే చంటిది ఏడుస్తుంది. దాన్ని ఎత్తుకోవడానికి నేను వెళ్ళాలి, నేను వెళ్తే మిగతావాళ్ళు ఊరుకుంటారా? మీ అన్నయ్య మమ్మల్ని విడతలు విడతలుగా దంతాల డాక్టరు దగ్గర దింపారు. ఆఖరి విడత చేరేసరికి మొదటి విడత ఇంటికి పోదామని గొడవ. ఎవర్ని తెచ్చారో ఎవర్ని తీసుకెళ్ళారో ఆయనకే గుర్తులేక, చివరికి మా నాన్నని డాక్టరు గారి కుర్చీలో కూర్చోబెట్టి వచ్చారు. నాన్నకున్నవి కట్టుడు పళ్ళు!

అందుకని పాతదైనా సరే, ఒక వ్యాను చూస్తున్నాం. మీ అన్నయ్య, నేను, ఐదుగురు పిల్లలు, మా నాన్న, మీ అమ్మగారు. ఇంతమందీ పట్టాలి, మన చేతిలో ఉన్న డబ్బులో రావాలి. అత్తయ్య మాత్రం "నాకు సీటు లెక్కెయ్యకండి, నేను ఏ బండీ ఎక్కను" అన్నారు. మామయ్యగారి వ్యానుని పాత ఇనుము వాడికి అమ్మేసినప్పట్నుంచీ ఆవిడ బండెక్కలేదు, నువ్వు ఇంటి మొహం చూడలేదు. రెండేళ్ళయింది తల్లీకూతుళ్ళు మాట్లాడుకుని. మీ పంతాల మధ్య నలుగుతున్నది నేను.

సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు. మీ అన్నయ్యకి పంపులు బిగించడం తెలుసు, నాకు బొత్తాలు కుట్టడం తెలుసు. తోలడం మీ అన్నయ్యకి ఏదో వచ్చు గానీ, బండి మంచిచెడ్డల గురించి ఇంట్లో ఒక్కరికీ ఓనమాలు రావు. ఏం చూసి కొనాలో కాస్త వివరంగా రాయి. ముక్తసరిగా రాశావో, నీ పాత జాకెట్లన్నీ చంటిదానికి గౌన్లు కుట్టేస్తాను.

వదిన


డిపో రెస్ట్ రూమ్ బెంచీ మీద నుంచి

వదినకి,

జాకెట్ల జోలికి వెళ్ళకు. చెప్తాను.

మొట్టమొదటి సంగతి, అన్నయ్యని ఒంటరిగా పంపకు. వాడు రంగు చూసి పడిపోతాడు. చిన్నప్పుడు సైకిల్ కొనుక్కోరా అని నాన్న డబ్బులిస్తే బెల్లు మోత చూసి కొనుక్కొచ్చాడు. ఇంటికొచ్చాక తెలిసింది దానికి బ్రేకుల్లేవని. గోడకి గుద్దుకుని కూడా బెల్లు కొడుతూనే ఉన్నాడు.

బండి దగ్గరికి వెళ్ళగానే స్టార్ట్ చెయ్యమనకు. ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టు. వేడిగా ఉంటే నువ్వొస్తున్నావని తెలిసి వాళ్ళు ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను మొరాయిస్తుందేమోనని వాళ్ళ భయం. చల్లగా ఉంటేనే స్టార్ట్ చేయించి, వెనక్కి వెళ్ళి పొగ చూడు. నీలంగా వస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్. ఇక కిలోమీటర్ల మీటరు. అది ఎంత చెప్పినా చెవిలో పువ్వే. బ్రేకు పెడల్ మీద రబ్బరు చూడు. కొంచెమే తిరిగిన బండి అంటారు, రబ్బరేమో అరిగి నున్నగా అయిపోయి ఉంటుంది. కాలు అబద్ధమాడదు వదినా.

తలుపులు, బండి ఒళ్ళంతా వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్ళు. ఒకచోట టంగుమని ఇంకోచోట దబ్బుమంటే అక్కడ దెబ్బ తగిలి పుట్టీ నింపారని అర్థం. కింద పరిచిన చాప ఎత్తి వాసన చూడు, ముక్కిపోయిన వాసనొస్తే నీళ్ళు కారుతున్నాయి. పక్కకి జరిగే తలుపుని చంటిదాని చేత వేయించు. అది వెయ్యగలిగితే మంచి తలుపు. మీ పెద్దాణ్ణి, ఆ పొడుగోణ్ణి, చిట్టచివరి సీట్లో కూర్చోబెట్టు, వాడి మోకాళ్ళు గడ్డానికి తగిలితే ఆ బండి వద్దు.

ఇక్కడ నా సంగతులు మామూలే. ఫ్యాక్టరీ వాళ్ళని పొద్దున తీసుకెళ్ళి దింపడం, సాయంత్రం తీసుకురావడం. బస్సెక్కగానే అందరూ నిద్రపోతారు. నేనొక్కదాన్నే మెలకువగా ఉండాలి, అదీ ఉద్యోగం.

ఇంట్లో పెద్దవాళ్ళంతా కులాసాయేనా?

నీ మరదలు


వంటింటి గట్టు మీద నుంచి

మరదలా,

పెద్దవాళ్ళు కులాసా. మా నాన్న పొద్దున్నే నడుస్తున్నారు, కట్టుడు పళ్ళు కొత్తవి వేయించుకున్నారు. పెద్దవాళ్ళంటే ఇంకెవరి గురించైనా అడిగావా? పేరు పెట్టి అడిగితే పేరు పెట్టి చెప్తాను.

నీ ఉత్తరం వంటింట్లో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. ఆ పక్క గదిలో కూర్చున్న ఒకావిడ మాత్రం నేను మొదలుపెట్టగానే రేడియో పెద్దది చేసేశారు. వార్తలంట. నేను అరిచి చదివాను, ఆ రేడియో ఇంకా అరిచింది. ఇంత గోల మధ్య నువ్వు చెప్పింది ఎవరికి ఎక్కిందో దేవుడికే తెలియాలి. మన ప్లీడరు, అదే నా రెండోది, "కాలు అబద్ధమాడదు అంటే ఏంటమ్మా, నాలుక కదా ఆడేది" అని వాదన పెట్టుకుంది.

నువ్వన్నట్టే అయింది. మీ అన్నయ్య పని నుంచి వస్తూ దారిలో ఒక బండి చూసి మనసు పారేసుకున్నారు. ఎర్రది. అద్దాలన్నిటికీ కుచ్చుల కర్టెన్లంట! "కర్టెన్లు నేను కుట్టలేనా, దానికోసం బండి కొనాలా?" అన్నాను. "నువ్వు కుట్టడం వేరు, బండితోపాటే రావడం వేరు" అన్నారు.

నేను చూసింది ఇంకొకటి. బేకరీ వాళ్ళు అమ్ముతున్నారు, చవక. తీరా వెళ్తే ముందు రెండు సీట్లు తప్ప వెనకాల ఖాళీ. రొట్టెలు కూర్చోవు కదా మరి. పిల్లలు మాత్రం లోపలికి దూరి వాసన పీల్చుకుంటూ ఇదే కొందాం, మేం కింద కూర్చుంటాం అని ఒకటే పట్టు. వాళ్ళని బయటికి లాగేసరికి నాకు తాతలు దిగొచ్చారు.

వచ్చే ఆదివారం పాత బండ్లు అమ్మే యార్డుకి అందరం వెళ్తున్నాం. ఆ కర్టెన్ల ఎర్ర బండి కూడా అక్కడే ఉంది.

అన్నట్టు, నువ్వుండే చోట చలెక్కువా అని ఎవరో అడిగారు. ఎవరో చెప్పను.

వదిన


డిపో నుంచి

వదినా,

కర్టెన్లున్న బండి వద్దు. ఎండ తగిలితే లోపలి మరకలు కనపడతాయని వేస్తారు కర్టెన్లు. అన్నయ్యతో నేను చెప్పానని చెప్పు. వినకపోతే సైకిల్ బెల్లు గుర్తు చెయ్యి.

చలి గురించి అడిగినావిడకి చెప్పు, ఉంది, కానీ అడగాలనుకుంటే నన్నే అడగొచ్చు అని. వద్దులే, చెప్పకు.

నువ్వు బండి బండి అంటూ రాస్తుంటే నాకు రోజంతా నాన్న వ్యానే కళ్ళ ముందు తిరుగుతోంది. బడి పిల్లల్ని ఎక్కించుకుని ఎన్నేళ్ళు తోలాడు దాన్ని! నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది అందులోనే. నాన్న పోయాక ఆ పిల్లల్ని వదిలెయ్యడం ఇష్టంలేక నేనే తోలాను. ఎవరైనా నన్ను ఒక్క మాటన్నారా వదినా? ఒక్కరోజైనా ఆలస్యం చేశానా? ఒక సాయంత్రం లైసెన్సు పనిమీద వెళ్ళి తిరిగొచ్చేసరికి గేటు ముందు నూనె మరక తప్ప ఏమీ లేదు. అమ్మేశాను అంది. పప్పులో ఉప్పెక్కువైంది అన్నట్టు చెప్పింది. బేరం ఎవరు తెచ్చారో, ఎప్పుడనుకుందో, నాతో ఒక్క మాట లేదు. నేను అంత పరాయిదాన్నయిపోయానా?

ఇవన్నీ గట్టిగా చదవకు. చదివినా రేడియో ఉంటుందిగా.

నీ మరదలు


కుట్టు మిషన్ పక్క నుంచి

మరదలా,

ఏదైనా గోడకి ఆనుకుని కూర్చుని చదువు. లేకపోతే పడిపోతావు.

ఆదివారం యార్డుకి వెళ్ళాం. సిటీ బస్సెక్కి, అత్తయ్యతో సహా. "బండ్లు ఎక్కను, చూడ్డానికేం" అని ఆవిడే చెప్పులు వేసుకుని ముందు నిలబడ్డారు. బస్సు బండి కాదా అని ప్లీడరు అడగబోతే నోరు మూశాను.

యార్డు అంటే పెద్ద రేకుల షెడ్డు, దాని ముందు వరసగా బండ్లు. అమ్మేవాడు తెల్ల చొక్కా, నూనె రాసిన జుట్టు, నోరు తెరిస్తే పంచదార. మీ అన్నయ్య సూటిగా ఆ కర్టెన్ల ఎర్ర బండి దగ్గరికి వెళ్ళిపోయారు. "ఒక రౌండు వేసి రండి సార్, ఫ్యామిలీని కూడా ఎక్కించుకోండి" అన్నాడు వాడు. ఇంకేం, బిలబిలమని ఎక్కేశాం. కర్టెన్లు జరుపుకుంటూ, కిటికీల దగ్గర కొట్టుకుంటూ చాలా దూరం పోయాం. నేను కూడా ఒక నిమిషం రాణీగారిలా ఫీలయ్యాను, దాచుకోవడం ఎందుకు.

ఎక్కడో సిగ్నల్ దగ్గర ఆగితే కవలల్లో ఒకడు అడిగాడు, "నానమ్మ ఏది?"

ముందు సీట్లో ఉన్నారని నేననుకున్నాను. వెనకాల నా పక్కనున్నారని మీ అన్నయ్య అనుకున్నారు. పొడుగోడు కర్టెన్ వెనకాల ఉందేమో అని నిజంగానే కర్టెన్ తీసి చూశాడు. కన్నతల్లిని పాత బండ్ల కొట్లో మర్చిపోయి వచ్చిన కుటుంబం ఇంకెక్కడైనా ఉంటుందా? మీ అన్నయ్య బండి తిప్పబోతే అది ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ కాదే! అందరం దిగి తోసుకుంటూ తీసుకెళ్ళాం. కర్టెన్లు మాత్రం భలే ఊగాయి.

చెమటలు కక్కుకుంటూ షెడ్డు చేరితే అత్తయ్య మేం వదిలిన కుర్చీలో లేరు. వరస చివర మట్టిరంగు వ్యాను ఒకటుంది. మేం దాన్ని కన్నెత్తి కూడా చూడలేదు, పక్కన సొట్ట ఉంది. అత్తయ్య దాని బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. "చల్లగానే ఉంది. ఇప్పుడు స్టార్ట్ చెయ్యి" అంటున్నారు ఆ తెల్ల చొక్కాతో. వాడు స్టార్ట్ చేస్తే వెనక్కి వెళ్ళి పొగ చూశారు. తరవాత తలుపులన్నీ వేలి కణుపుతో తట్టుకుంటూ వచ్చారు. సొట్ట దగ్గర ఆగి, "ఇది దాచలేదు, పోన్లే" అన్నారు. కింద చాప ఎత్తి వాసన చూశారు. వంగి పెడల్ రబ్బరు పరీక్ష చేసి, "మీటరు ఇంత తక్కువ చెప్తోందేం? రబ్బరు చూస్తే పాదం పెట్టే చోట అద్దంలా ఉంది. కాలు అబద్ధమాడుతుందా బాబూ?" అన్నారు.

తెల్ల చొక్కావాడి నోట్లో పంచదార కరిగిపోయింది. ఎవరూ అడక్కుండానే రేటు తగ్గించాడు. "మీరు ఏ గ్యారేజీలో చేసేవారమ్మా?" అని కూడా అడిగాడు.

చివరికి చంటిదాన్ని పిలిచి తలుపు వెయ్యమన్నారు. అది వేసేసింది. మేమందరం నోళ్ళు వెళ్ళబెట్టుకుని నిలబడ్డాం. మీ అన్నయ్య నా చెవిలో "రేడియోలో బండ్ల గురించి కూడా చెప్తారా?" అని అడిగారు. పాపం, ఆయన అంతే.

ఇప్పుడు చెప్పు, ఆ మట్టిరంగు దాన్ని కొనమంటావా?

వదిన


డిపో రెస్ట్ రూమ్ నుంచి

వదినా,

కొనండి. మీటరు అబద్ధమాడినా మిగతా పరీక్షలన్నీ పాసైంది కదా.

అయితే అమ్మ వింటోందన్నమాట. అన్ని ఉత్తరాలూనా? నూనె మరక గురించి రాసింది కూడా చదివావా? చదవొద్దన్నానుగా! నీకు కడుపులో మాట ఆగదు, అది తెలిసీ రాయడం నాదే బుద్ధి తక్కువ.

"కాలు అబద్ధమాడుతుందా బాబూ" అన్న చోట గట్టిగా నవ్వేశాను, రెస్ట్ రూమ్‌లో పడుకున్నవాళ్ళు లేచి తిట్టారు. నవ్వాక ఏడుపొచ్చింది. నా మాటలు పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంటుంది గానీ నాతో ఒక్క మాట మాట్లాడదు. ఇదేం మనిషి వదినా?

బండి తెచ్చుకుని సుఖంగా తిరగండి. నన్ను రమ్మని మాత్రం అడక్కు. సెలవు దొరకదు.

నీ మరదలు


వంటింటి గట్టు మీద నుంచి

మరదలా,

బండి తెచ్చుకున్నాం. సుఖంగా తిరగడం లేదు.

యార్డు మనిషే తోలుకొచ్చాడు. గేటు దాకా వస్తుంటే అత్తయ్య రోడ్డు మీదికి వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టారు. "ఇక్కడికొద్దు, వీధి మొదట్లో ఆపు" అన్నారు. వాడు బిత్తరపోయి అక్కడే ఆపాడు. తాళం చెవి ఆవిడ తీసేసుకుని తాడు కట్టి మెడలో వేసుకున్నారు. స్నానానికి వెళ్ళినా తియ్యరు. మీ అన్నయ్య చిన్నపిల్లాడిలా బతిమాలారు. ఉహూ! పిల్లలు బడి నుంచి రాగానే వీధి మొదటికి వెళ్ళి అద్దాల్లోంచి లోపలికి చూసి వస్తున్నారు. మేమింకా స్కూటరు మీదే, విడతలు విడతలుగా, మా సొంత వ్యాను పక్కనుంచే వెళ్తున్నాం. వీధిలో వాళ్ళు మమ్మల్ని ఏమనుకుంటున్నారో నేను రాయలేను.

నువ్వు చదవొద్దన్న ఉత్తరం చదివాను, అవును. కావాలనే చదివాను, రేడియో మీద చెయ్యేసి ఆపేసి మరీ చదివాను. తిట్టుకో. ఆవిడ లేచి వెళ్ళి పడుకున్నారు, అన్నం తినలేదు. నాకు భయమేసింది. ఆ రాత్రి నేనూ తినలేకపోయాను.

ఇవాళ పొద్దున నా దగ్గరికి వచ్చి కవరు అడిగారు. దీంతోపాటు ఉన్న చిన్న కవరు అదే. నాకు అంటించి ఇచ్చారు. లోపల ఏముందో చూడలేదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాను, కనపడలేదు.

వదిన


ఇంటి నుంచి

అమ్మాయికి,

నీ వదిన చేత రాయిస్తే ఉన్నవీ లేనివీ కలిపి రాస్తుంది, అందుకని నేనే రాస్తున్నాను. నీ ఉత్తరాలన్నీ విన్నాను. రేడియో పెట్టింది వినకూడదని కాదు, వింటుంటే నీ వదిన నా మొహం వంక చూడకూడదని.

మీ నాన్న బండి అమ్మినందుకు నేను బాధపడటం లేదు. మళ్ళీ ఆ రోజొచ్చినా అమ్ముతాను. ఎందుకమ్మావని నువ్వు అరిచావు గానీ అడగలేదు. ఇప్పుడు చెప్తాను విను.

ఆయన పోయాక దాన్ని నువ్వు తోలావు. బాగా తోలావు, అచ్చం ఆయనలాగే. సాయంత్రం పిల్లల్ని దింపి వచ్చి గేటు ముందు ఆపేదానివి. ఆపేముందు ఆయన ఇంజనుని ఒకసారి గట్టిగా మోత పెట్టేవారు, నువ్వూ అదే అలవాటు చేసుకున్నావు. ఆ మోత వినపడగానే నేను చేతిలో పని పడేసి మంచినీళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేదాన్ని. ఆయనొచ్చారని. రోజూ అంతే. నిన్ను చూశాక గుర్తొచ్చేది ఆయన లేరని. ప్రతి సాయంత్రం ఆయన నాకు మళ్ళీ పోయేవారే తల్లీ. కన్నకూతురు క్షేమంగా ఇంటికొస్తే మొహం చిన్నబుచ్చుకునే తల్లి ఉంటుందా? నేనలా అయిపోయాను. నిన్ను చూసి నేను సంతోషించలేకపోతున్నానని నా మీద నాకే రోత పుట్టింది. అమ్మేశాను.

ఈ మాట అప్పుడే నీకు చెప్తే నువ్వు బండి తోలడమే మానేసేదానివి. నీ సంగతి నాకు తెలియదా? మానెయ్యడం కంటే నన్ను తిట్టుకోవడమే నయమనుకున్నాను. రెండేళ్ళు తిట్టించుకున్నాను, ఇక చాలు.

ఈ కొత్తదాని చప్పుడు వేరు. మోటుగా ఉంది. ఇది మన గేటు ముందు ఇంతవరకూ ఆగలేదు, నేను ఆగనివ్వలేదు. మొదట నువ్వే తెచ్చి ఆపాలి. ఆ చప్పుడు వింటే మా అమ్మాయి వచ్చింది అనే నాకు తోచాలి, ఇంకెవరూ తోచకూడదు. మీ అన్నయ్యకి ఇవ్వను తాళం. వాడు గేరు వేస్తే పంపు బిగించినట్టుంటుంది.

సెలవు దొరకదని నీ వదినతో చెప్పుకో, నాతో చెప్పకు.

అమ్మ


డిపో నుంచి

అమ్మకి,

నీ ఉత్తరం డిపోలో చదవకుండా ఉండాల్సింది. కంట్లో గ్రీజు పడిందా అని మెకానిక్కు అడిగాడు. పడిందన్నాను. తుడుచుకోమని వాడిచ్చిన గుడ్డకి నిజంగానే గ్రీజుంది, ఇప్పుడు కళ్ళు మండుతున్నాయి.

ఆ చప్పుడు నాకు తెలియకుండానే వచ్చేసింది అమ్మా. నాన్నలా మోత పెడితే నీకు బాగుంటుందనుకున్నాను. నువ్వు రోజూ గుమ్మంలోకి నీళ్ళతో వస్తే నాకోసమే అనుకున్నాను.

ఒక్క మాట చెప్పకుండా అమ్మినందుకు నీతో పోట్లాట ఇంకా మిగిలే ఉంది. అది ఉత్తరాల్లో తేలేది కాదు, ఎదురుగా కూర్చుని పోట్లాడాలి. సెలవు అడిగాను. ఇవ్వనంటే బస్సుతో సహా మా ఊరు వెళ్ళిపోతానన్నాను. ఇచ్చారు.

ఆదివారం సాయంత్రానికి వస్తాను. తాళం ఇచ్చి ప్లీడరుని వీధి మొదటికి పంపు, అన్నయ్యని పంపితే నేనొచ్చేలోపే స్టార్ట్ చేసేస్తాడు. మిగతా అందరూ లోపలే ఉండండి. గేటు ముందు బండి ఆగుతుంది. మోత పెట్టను, హారన్ కొట్టను, దాని మోటు చప్పుడుతోనే ఆపుతాను.

అప్పుడు మంచినీళ్ళు పట్టుకుని రా. ఎండన పడి వస్తాను, నాకు దాహంగా ఉంటుంది.

నీ కూతురు